బొమ్మమిద్దె పటం

పొద్దుగూకినాక ఆ దోవన ఎవురూ పోరు.

విడపనకల్లు దాటి బళ్ళారి పక్కకు పోతాంటే ఎడమచేతి పక్క ఒక మట్టిదోవ చీలుతాది. రెండు పక్కలా మనిషెత్తు కంపచెట్లు. ఆ కంప అయిపోయిన తావ ఒక పాత మిద్దె. గోడలు నిలబడే ఉండాయి... లోపల మనుషులు లేరు. దాన్ని ఊళ్ళో బొమ్మమిద్దె అంటారు. నడవలో గోడకు ఒక పెద్ద ఫోటో పటం తగిలించి ఉండాది కాబట్టి ఆ పేరు.

పటంలో ముగ్గురు. కుర్చీలో తలపాగా చుట్టుకున్న మగమనిషి. పక్కన నిలబడిన ఆడమనిషి. ఆమె చంకలో ఏడాది పాప.

ఆ ఆడమనిషి కండ్లు ఉండాయే... నువ్వు యాడ నిలబడితే ఆడికే చూస్తాయంట.

గొర్లు కాచేవాళ్ళు ఆ కంపలోకి గొర్లను తోలరు. అమాసనాడు కిటికీలో వెలుగు కనపడుతుందంటారు. ఒకాయన, ఆమె తనను చూసి రెప్ప కొట్టిందని చెప్పి, జ్వరంతో మంచం పట్టినాడు. ఆ పొద్దు ఆయన ఎంత తాగినాడని మాత్రం ఎవురూ అడగలేదు. ఇంకొకాయన పటం దించబోతే పైనుంచి దూలం పడి చెయ్యి విరిగింది. చెదలు తినేసిన దూలం పడక ఏం చేస్తాది? దాన్ని కూడా పటం నెత్తిన రుద్దినారు.

మావాళ్ళ తెలివి అంతే. వాన ఎప్పుడు పడతాదో ఎవురికీ తెలియదు. దెయ్యం ఎప్పుడు వస్తాదో మాత్రం అందరికీ తెలుసు.

దెయ్యానికి పేరు కూడా ఉండాది. సుబ్బలక్ష్మమ్మ. నూట యాభై ఏండ్ల కిందట ధాత కరువులో ఊరంతటికీ గంజి కాచి పోసిందంట. తాను మాత్రం పస్తుండి చచ్చిపోయిందంట. అంత పుణ్యాత్మురాలు, తాను గంజి పోసి బతికించినోళ్ళ మనుమలను రేత్రిళ్ళు ఎందుకు బెదిరిస్తాదప్పా? ఈ ప్రశ్న కూడా ఎవురూ అడగలేదు.

ఆ కత చెప్పేది మిద్దె సొంతదారు లక్ష్మీపతి. ఆమె తన ముత్తవ్వ అంటాడు.

లక్ష్మీపతి అంటే ఆ చుట్టుపక్కల తెలియనోళ్ళు లేరు. ఒకసారి సర్పంచి. ఆ తర్వాత రెండు పార్టీలు మారినాడు, రెండుచోట్లా కండువా తప్ప ఏమీ దక్కలేదు. తెల్లపంచె, తెల్లచొక్కా, మెడలో పులిగోరు. ఆ పులిగోరు దున్నపోతు కొమ్ముతో చేసిందని మా కంసాలి చెప్పినాడు. అంత నిజాయితీ గల మనిషి.

పోయిన ఏడు ఎలక్షన్లు దగ్గరపడతాండాయని ఆయనకొక ఆలోచన వచ్చింది. బస్టాండు తావ తన ముత్తాత విగ్రహం పెట్టాల. 'ధాత కరువులో ప్రజలకు గంజి పోసిన దాత, పెద్ద లక్ష్మీపతి' అని కింద రాతిబండ మీద చెక్కించాల. ముత్తాత మొగము యాడిది? పటంలో కుర్చీలో కూర్చున్న తలపాగా మనిషిది! ఫోన్లో ఫోటో తీయించి శిల్పికి పంపించినాడు. సిమెంటు విగ్రహం తయారయి బస్టాండు తావ గుడ్డ కప్పుకొని నిలబడింది. ఊరినిండా ఫ్లెక్సీలు. అన్నిట్లో ఆ తలపాగా మనిషి, పక్కన అంతకంటే పెద్దగా లక్ష్మీపతి.

అయితే పేపరోడు ఒకడు అడిగినాడు. "అన్నా, ఇది అంత పాత ఫోటోనే అని రుజువేమి?"

ఆ రుజువు కోసం పద్మప్రియను పిలిపించినారు.

పద్మప్రియది కొత్తచెరువు. అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్తాంది. పాత ఫోటోలంటే ఆమెకు పిచ్చి. చీర కట్టు చూసి, కుర్చీ చూసి, వెనకాల తెర చూసి, కాగితం రంగు చూసి, ఇది ఏ కాలానిదో చెప్తాది. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రిన్సిపాలు పిలిచి, "కాలేజీ కమిటీలో లక్ష్మీపతి మనుషులు ఉన్నారమ్మా. పోయి ఒక సంతకం పెట్టి రా," అన్నాడంట. చదువు చెప్పించేవాళ్ళ వెన్నెముక ఈ మాదిరి ఉండాది.

ఆమెను కారులో తీసుకపోయినాయన జాకబ్. టాక్సీ డ్రైవరు, నాకు తెలిసినోడు. ఆ రేత్రి ఏం జరిగిందో నాకు చెప్పింది ఆయనే. జాకబుకు కతలు కట్టే తెలివి లేదు. కాబట్టి నమ్మొచ్చు.

మధ్యాన్నానికి రమ్మని చెప్పిన పెద్దమనిషి పొద్దుగూకినాక వచ్చినాడు. అంతసేపూ పద్మప్రియ ఆయన ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, ఫోన్లో ఉన్న ఫోటోనే పెద్దది చేసి చూస్తా ఉండింది. ఆయన రాగానే లేచి, "లక్ష్మీపతి గారూ, ఇది ధాత కరువు నాటిదని నాకు అనిపించడం లేదు. ఆయన చేతికి వాచీ ఉండాది," అనింది.

"వాచీ కాదు మేడం. కంకణం."

"కంకణానికి ముండ్లు తిరుగుతాయా?"

"ఫోన్లో అట్ల కనపడుతాది. అసలుది చూడండి. చూసి సంతకం పెట్టండి. రేపు పొద్దున్నే ముహూర్తం."

"అయితే పటం ఈడికి తెప్పించండి."

అంతే. ఆఫీసులో అందరూ ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. దించేదానికి ఎవురు పోతారు? చివరకు ఆమెనే మిద్దెకు తీసుకపోవాలని తీర్మానించినారు. ముందు లక్ష్మీపతి పెద్దకారు, నడిమధ్యన జాకబ్ టాక్సీ, వెనకాల రెండు జీపుల జనం. ఒక ఆడమనిషిని ఫోటో చూపించేదానికి ఇంత సైన్యం.

బండ్లు మట్టిదోవలోకి తిరిగినాయి.

దూరంగా గుట్టల మీద గాలిమరలు. చీకట్లో వాటి రెక్కలు కనపడవు. పైనున్న ఎర్రలైట్లు మాత్రం... అన్నీ ఒక్కసారి వెలుగుతాయి, ఒక్కసారి ఆరిపోతాయి. ఆరినప్పుడు ఏమీ ఉండదు. కంప మాత్రం కారు అద్దాలను గీరతా ఉంటాది.

మిద్దె ముందర బండ్లు ఆగినాయి. హెడ్‌లైట్లు వాకిలి మీద పడినాయి. తలుపు ఒకరెక్క లేదు. లోపల నలుపు.

ఎవురూ దిగలేదు.

పద్మప్రియ దిగింది. సంచిలోనుంచి భూతద్దం తీసింది. అది చూసి జీపులో ఒకడు, "భూతద్దం తీస్తాండాది రా," అని గొణిగినాడంట. ఆ పేరుకే వానికి చెమటలు.

"రాండి," అనింది లక్ష్మీపతిని.

"నాకు మోకాళ్ళ నొప్పి మేడం. మీరు చూసి రాండి."

"మీ ముత్తాతను చూసేదానికి మీకు భయమా?"

"భయమా? భక్తి మేడం, భక్తి," అన్నాడు ఆయన. కారు అద్దం ఇంకొంచెం పైకి ఎత్తుకున్నాడు.

ఆమె ఒక్కతే లోపలికి పోయింది. ఫోను లైటు గోడల మీద అల్లాడుతా నడవలోకి మలుపు తిరిగింది. జాకబ్ మాత్రం దిగి, బానెట్టుకు ఆనుకొని నిలబడినాడు. సిగరెట్టు కోసం దిగినాడంట. ధైర్యం అనుకోవద్దని ఆయనే చెప్పినాడు.

 తర్వాత లోపలినుంచి ఆమె గొంతు. ఎవురూ లోపలికి రారు కాబట్టి ఆమే గట్టిగా అరిచి చెప్తాంది. ఖాళీ మిద్దెలో ఆ గొంతు రెండింతలయి బయటికి వస్తాంది.

"లక్ష్మీపతి గారూ! ఇది వాచీనే! పన్నెండు అంకెలూ కనపడుతాండాయి!"

లక్ష్మీపతి అద్దం రవంత దించినాడు. "అప్పుడు వాచీలు లేవా మేడం? ఇంగ్లీషోళ్ళు ఇచ్చింటారు!"

"జేబులో పెట్టుకునేవి ఉండినాయి! చేతికి కట్టుకునేవి కావు! ఇంకొకటి... పంచె కింద బూట్లు ఉండాయి!"

"రాజుల కాలం పాదరక్షలు అవి!"

"మిలిట్రీ బూట్లు! లేసులు కట్టినవి! మీ ముత్తాత ఏ పటాలంలో చేరినాడు?"

జీపులో ఎవుడో కిసుక్కున నవ్వినాడు. లక్ష్మీపతి తిరిగి చూసేసరికి ఆ నవ్వు దగ్గయిపోయింది.

"కింద మూలలో స్టూడియో పేరుండాది! పురుగులు తినేసినాయి... బళ్ళారి అని మాత్రం తెలుస్తాంది! ఈ కాగితం కూడా ధాత కరువు కాలంలో దొరికే కాగితం కాదు!"

"మేడం! కాగితం, బూట్లు మాకెందుకు? మా ఇంట్లో తాతల కాలం నుంచి ఉండే పటం! మీరు సంతకం పెట్టేదానికి వచ్చినారా, మా వంశాన్ని తవ్వేదానికి వచ్చినారా?"

 లోపల లైటు కదలకుండా ఒకే తావ నిలబడిపోయింది.

తర్వాత ఆమె గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అరుపు లేదు. మెల్లగా... తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

"పాప మొలతాడుకు ఒక బిళ్ళ ఉండాది."

"రాణిగారి బిళ్ళ మేడం అది!" అన్నాడు లక్ష్మీపతి. "రాణిగారి కాలం అని అదే రుజువు! రాసుకోండి!"

"బిళ్ళకు నడిమధ్యన బొక్క ఉండాది."



"చిల్లికానీ ఇది. రెండో ప్రపంచ యుద్ధం జరిగేటప్పుడు రాగి చాలక సర్కారు బొక్కపెట్టి కొట్టించిన కానీ. మా అవ్వ కూడా మా నాయనకు ఇట్లాంటిదే కట్టింది. పందొమ్మిది వందల నలభై మూడుకు ముందు ఈ కానీ భూమ్మీద లేదు. ఈ ఫోటో కూడా లేదు. ధాత కరువుకూ ఈ పటానికీ ఏ సంబంధమూ లేదు. ఈయన మీ ముత్తాత కాదు."

జాకబ్ చెప్పినాడు — ఆ మాట విన్నాక లక్ష్మీపతి మొగము చూడాలని తాను తిరిగినాడంట. ఆయన కారులోనుంచి దిగినాడు. కోపం అట్ల దించింది. వేలు చూపించి మిద్దె పక్కకు రెండడుగులు వేసినాడు. "రేపు పొద్దున కాలేజీలో నీ కుర్చీ ఉంటే అడుగు!" అని అరిచినాడు. 'మేడం', 'మీరు' రెండూ ఎగిరిపోయినాయి.

అప్పుడు...

లోపల లైటు ఆరిపోయింది.

ఏదో కిందపడిన చప్పుడు. ఆ తర్వాత చప్పుడే లేదు.

"మేడం?" అన్నాడు జాకబ్.



తర్వాత గొంతు వినపడింది. పద్మప్రియది కాదు. ముసలి గొంతు. బొంగురుగా, నిద్రలో నుంచి లేచినట్టు. మాటలు తెలియడం లేదు. ఆగి ఆగి వస్తాంది. దానికి ఇంకొక గొంతు మెల్లగా బదులు చెప్తాంది. లోపలికి పోయింది ఒక్కతే. మాట్లాడుతుండేది ఇద్దరు.

జీపుల్లో ఎవుడో ఆంజనేయ దండకం మొదలుపెట్టినాడు. సగంలోనే మర్చిపోయినాడు.

గోడకు ఏదో గీచుకున్న చప్పుడు. దూలం కిర్రుమన్న చప్పుడు. గుసగుస... "మెల్లగా... మెల్లగా..." అని. తర్వాత అడుగులు. నేల మీద కాళ్ళు ఈడ్చుకుంటా, చీకట్లో నుంచి వాకిలి పక్కకు వస్తాండాయి.

లక్ష్మీపతి ఆడనే నిలబడి ఉండాడు. చూపించిన వేలు ఇంకా దించలేదు.

వాకిట్లోకి, హెడ్‌లైట్ల వెలుగులోకి, ఆమె వచ్చింది.

సుబ్బలక్ష్మమ్మ.

పటంలో ఎట్ల ఉండిందో అట్లనే. అదే చీర, చంకలో అదే పాప, అవే కండ్లు. తిన్నగా లక్ష్మీపతినే చూస్తాండాది. పక్కన కుర్చీలో తలపాగా ఆయన కూడా ఉండాడు. కుర్చీతో సహా గాల్లో తేలి వస్తాండాడు. మోకాళ్ళ కింద రెండు కాళ్ళు... నల్లగా, ఎండు పుల్లల మాదిరి... నడుస్తాండాయి.

ఆ తర్వాత జరిగింది జాకబ్ సరిగ్గా చెప్పలేకపోయినాడు, నవ్వు ఆపుకోలేక.

ముందు పరుగెత్తింది లక్ష్మీపతి. మోకాళ్ళ నొప్పి యాడ పోయిందో. కారు పక్కకు పోకుండా తిన్నగా కంపలోకి పోయినాడు. పంచె కంపకు తగులుకుంటే దాన్ని ఆడనే వదిలేసి చెడ్డీతో పోయినాడు. 'అన్న కోసం ప్రాణమిస్తాం' అని ఫ్లెక్సీల్లో రాయించుకున్నోళ్ళంతా ఆయనను దాటుకొని పోయినారు. ఒక జీపు వెనక్కి తిరిగేదానికి చోటు చాలక గుంతలో పడింది. అందులోనోళ్ళు కిటికీల్లోనుంచి దూకినారు. రవంతసేపటికి మిద్దె ముందర తలుపులు తీసిన బండ్లు, విడిచిపోయిన చెప్పులు మిగిలినాయి.

జాకబ్ పరుగెత్తలేదు. కాళ్ళు రాలేదంట.

పటం ఆయన ముందుకు వచ్చి ఆగింది. ఆయాసపడతా మాట్లాడింది.

"ఏమప్పా... నిలబడి చూస్తాండావు? పట్టుకోరాదూ. బరువుండాది."

పటం పైనుంచి ఒక నెరిసిన తల లేచింది. బోసినోరు. వెనకాల పద్మప్రియ, పటం కిందిపక్క రెండు చేతులతో ఎత్తిపట్టుకొని, దుమ్ముకు తుమ్ముతా నిలబడి ఉండాది.

జాకబ్ పటాన్ని పట్టుకున్నాడు.  "ఎవురవ్వా నువ్వు?" అన్నాడు.

ముసలామె పటంలో పాప మీద వేలు పెట్టింది.

"ఇది నేనే కదప్పా."

ఆమె పేరు బయమ్మ. పిల్లప్పుడే కర్ణాటక పక్కకు పెండ్లి చేసిచ్చినారు. ఇద్దరు కొడుకులు, ముగ్గురు మనుమరాండ్లు. మనుమరాలి పెండ్లి చీరలకని విడపనకల్లు మీదుగా పోతా, బస్సు కిటికీలో నుంచి ఫ్లెక్సీ చూసింది. చదువు రాదు. పక్కన కూర్చున్న అమ్మాయిని, "ఆ తలపాగా ఆయన ఎవురమ్మా?" అని అడిగితే, "ఎవురో పెద్ద లక్ష్మీపతి అంటవ్వా, ధాత కరువులో గంజి పోసినాడంట," అని చదివి చెప్పింది.

"మా నాయనప్పా ఆయన," అని చెప్పిందంట బయమ్మ కారులో. పటం అడ్డంగా వెనకసీట్లో పెట్టి, దానికి ఆనుకొని కూర్చుంది. "ఓబుళేసు. గొర్లు కాచేటోడు. యుద్ధానికి మనుషులు కావాలంటే పేరిచ్చి పోయినాడు. బర్మా దాకా పోయి తిరిగొచ్చినాడు. ఈ మిద్దె ఆయన కట్టిందే. బళ్ళారికి పోయి మా అమ్మతో, నాతో ఫోటో దిగినాడు. పంచె కట్టుకొని ఆ బూట్లేంది, విప్పు అని ఫోటో ఆయన నవ్వినాడంట. మా నాయన విప్పలేదు. ఇవి వేసుకొనే బతికొచ్చినా, ఇవి వేసుకొనే దిగుతా అన్నాడంట."

"మీ అమ్మ పేరు సుబ్బలక్ష్మమ్మనా?" అన్నాడు జాకబ్.

"సుబ్బలక్ష్మమ్మ ఎవురు? మా అమ్మ గంగక్క."

పటం తీసుకపోదామని మధ్యాన్నమే పెరటి పక్కనుంచి మిద్దెలోకి పోయిందంట. ఎండకు నడిచి అలిసిపోయి, పటానికి ఎదురుగోడ మూలన కొంగు పరుచుకొని పండుకుంది. మెలకువ వచ్చేసరికి చీకటి. ఎవరో ఆడమనిషి తన మొలతాడు గురించి అరుస్తాంది.

"నేను వెనకాల నుంచి, ఆ కానీ మా అమ్మ కట్టింది పాపా, అన్నా," అని చెప్పి బయమ్మ నవ్వింది. "అంతే, ఈ తల్లి చేతిలో ఫోను కింద పడేసింది."

"అరుద్దామనుకున్నా. గొంతు రాలేదు," అనింది పద్మప్రియ. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు. అదే ఆమె కష్టం.

కొంతదూరం పోయినాక ఆమే అడిగింది. "అవ్వా... ఆ మిద్దె మీ చేతిలోనుంచి ఎట్ల పోయింది?"

బయమ్మ కిటికీ పక్కకు తిరుక్కుంది. ఎర్రలైట్లు వెలిగినాయి, ఆరినాయి.

"నిద్రొస్తాండాది తల్లీ," అనింది.

ఇంతవరకు జాకబ్ చెప్పిన మాట. ఇంక చెప్పేది నా కండ్లతో నేను చూసింది.

తెల్లారి బస్టాండు తావ షామియానా. జనం బాగానే వచ్చినారు. విగ్రహం కోసం కాదు, బిర్యానీ పొట్లాల కోసం. లక్ష్మీపతి స్టేజీ మీద కూర్చొని ఉండాడు. మొగము, చేతులు, అంతా కంప గీతలు. వాటి మీద పసుపు పూసుకున్నాడు. రేత్రి చెడ్డీతో పరుగెత్తిన మనిషి పొద్దునకల్లా దానికి కూడా ఒక కత అల్లేసినాడు చూడు. మైకు తీసుకొని, "నిన్న రేత్రి మా ముత్తవ్వ నాకు ప్రత్యక్షమయింది! పటంలో నుంచి దిగి నడిచొచ్చింది! నా భక్తికి మెచ్చి నన్ను దీవించింది!" అన్నాడు.

జనం చేతులెత్తి మొక్కినారు. రేత్రి ఆయనను దాటుకొని పారిపోయినోళ్ళు అందరికంటే ముందు మొక్కినారు.

పద్మప్రియ కూడా వచ్చింది. ఆమె సంతకం లేకుండా పేపరోడు రాసేటట్టు లేడు. అందుకే పిలిచి మైకు ఇచ్చినారు. ఆమె కుర్చీ పోతాదనే బెదురుతో దారికొచ్చింటాదని అనుకున్నారేమో. ఆమె మైకు పట్టుకొని ఒక్కటే మాట చెప్పింది. "ఈ ఫోటో పందొమ్మిది వందల నలభై మూడు తర్వాతది. ఇందులో ఉన్నాయన పేరు ఓబుళేసు." ఎవుడో వైరు పీకేసినాడు.

ఆ ఒక్క మాటతో ఆమె ఉద్యోగం పోయింది. ఇప్పుడు బెంగళూరులో ఒక మ్యూజియంలో పని చేస్తాంది. బాధ పడిందా అని జాకబును అడిగితే, అనంతపురం దాకా నవ్వతానే వచ్చిందన్నాడు.

జనానికి మాత్రం ఆ మాట ఎక్కలేదు. ఎవురి ఫోటో అయితే ఏమి, పొట్లాలు ఎప్పుడు పంచుతారని చూస్తాండారు. వైరు మళ్ళీ తగిలించినారు. లక్ష్మీపతి గుడ్డ లాగేదానికి లేచినాడు.

అప్పుడే జనం రెండుగా చీలినారు.

టాక్సీ దిగి బయమ్మ వస్తాండాది. పటాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకొని, కాళ్ళు ఈడ్చుకుంటా. పక్కన జాకబ్ ఒక చెయ్యి వేసి మోస్తాండాడు. ఎండలో ఆ అద్దం తళుక్కుమంటాంది. స్టేజీ మెట్లు ఎక్కి ఆమె లక్ష్మీపతి ఎదురుగా నిలబడింది.

ఆయన మొగములో పసుపు తప్ప ఇంకొక రంగు లేదు. ఒకపక్క పటం, ఒకపక్క జనం. ఈమె దెయ్యం కాదంటే, రేత్రి ఎనభై ఏండ్ల ముసలిదాన్ని చూసి పంచె వదిలేసినట్టు లెక్క. దేవతంటే, ఇప్పుడు మొక్కాల.

మొక్కినాడు. సాగిలపడి ఆమె రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"తల్లీ! సుబ్బలక్ష్మమ్మ తల్లీ! మనిషి రూపంలో వచ్చినావా అమ్మా! మా వంశానికి నువ్వే దిక్కు!"

ఈలలు, చప్పట్లు. అందరి ఫోన్లూ పైకి లేచినాయి.

బయమ్మ పటాన్ని జాకబ్ చేతికిచ్చింది. కిందికి చూసింది. కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది... ఆయన వదల్లేదు. ఆయన చేతిలోనుంచి జారిన మైకు ఇంకా ఆన్‌లోనే ఉండాది. అది ఆమె పాదాల తావ పడి ఉండాది. ఆమె వంగి మాట్లాడింది. మెల్లగానే మాట్లాడింది. అయినా బస్టాండంతా వినపడింది.

"కాళ్ళు ఇడువప్పా. మా నాయన చచ్చిపోయిన ఏడు, మీ తాత కూడా ఇట్లనే మా అమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. ఈ ఒక్క వానాకాలం మీ మిద్దెలో శెనక్కాయ మూటలు పెట్టుకుంటా తల్లీ, అని."